నా తప్పు లెక్కలో దాగిన బ్లాక్ హోల్

ప్రశ్న మామూలుదే. భూమి ఉపరితలానికి 400 కిలోమీటర్ల ఎత్తులో వృత్తాకార కక్ష్యలో తిరుగుతున్న ఉపగ్రహం వేగమెంత? సూత్రం నాకు కంఠతా వచ్చు. జీఎం బై ఆర్, దానికి వర్గమూలం. జీ అంటే గురుత్వ స్థిరాంకం, ఎం అంటే భూమి ద్రవ్యరాశి. విలువలు వేసి, జాగ్రత్తగా గుణించి, భాగించి, సెకనుకు 31.6 కిలోమీటర్లు అని రాసి కింద గీత గీశాను. దానికి మార్కులు పడలేదు. అలాంటివే ఇంకొన్ని ఉండటంతో ఆసారి ఫిజిక్స్ తప్పాను.

ఆ రోజుల్లోనే, 2019 ఏప్రిల్ 10న, బ్లాక్ హోల్ తొలి చిత్రం విడుదలైంది. మనకు దాదాపు 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, ఎం87 అనే గెలాక్సీ నడిబొడ్డున ఒక నారింజ రంగు వలయం, దాని మధ్య చీకటి. ఆ చిత్రాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. ఈవెంట్ హొరైజన్ (దాటితే కాంతి కూడా తిరిగి రాలేని బ్లాక్ హోల్ హద్దు) అంటే ఏమిటో, దాని దగ్గర కాలం ఎందుకు నెమ్మదిస్తుందో ఎవరడిగినా అరగంట ఆపకుండా చెప్పగలిగేవాడిని. అదే నేను ఉపగ్రహం వేగం కట్టలేకపోయాను. ఇంత ఇష్టం ఉండి కూడా పరీక్ష అనగానే టెన్షన్ ఎందుకు, మార్కులు ఎందుకు రావు అనే బాధ చాలాకాలం నన్ను వదల్లేదు. ఫిజిక్స్‌ని ప్రేమించి పరీక్షలో ఓడిపోయేవాళ్లు చాలామంది ఉంటారని ఇప్పుడు తెలుసు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

నా ప్రశ్నకు జవాబు ఆ తప్పు లెక్కలోనే ఉంది.

తప్పు ఎక్కడో చూడండి. సూత్రంలోని ఆర్ అంటే భూమి కేంద్రం నుంచి ఉపగ్రహానికి ఉన్న దూరం. 400 కిలోమీటర్లు అన్నది నేల నుంచి ఎత్తు మాత్రమే. భూమి వ్యాసార్థం 6,371 కిలోమీటర్లు కూడా కలిపి 6,771 వేయాల్సిన చోట నేను 400 వేశాను. టీచర్లు ప్రతి ఏడాదీ హెచ్చరించే తప్పు, పిల్లలు ప్రతి ఏడాదీ చేసే తప్పు.

అయితే ఆ 31.6 అర్థం లేని సంఖ్య కాదు. అడగని ప్రశ్నకు అది సరైన జవాబు. భూమి మొత్తాన్ని, ఒక్క రాయి కూడా వదలకుండా, 400 కిలోమీటర్ల వ్యాసార్థమున్న గోళంలోకి నొక్కేస్తే, దాని ఉపరితలాన్ని ఆనుకుని తిరిగే ఉపగ్రహం వేగం సరిగ్గా అంతే. అంటే నాకు తెలియకుండానే భూమిని నొక్కడం మొదలుపెట్టాను. ఆపకుండా నొక్కుతూ పోతే చివరికి వచ్చేది బ్లాక్ హోల్.

భూమిని నొక్కుకుంటూ పోతే

ఇక్కడి నుంచి పలాయన వేగం తీసుకుందాం. పైకి విసిరిన వస్తువు మళ్లీ కిందికి రాకుండా పోవాలంటే కావలసిన వేగం అది. దాన్ని రాబట్టడం ఒక్క మెట్టు పని. వస్తువు గతిజశక్తి, గురుత్వాకర్షణ బంధాన్ని తెంచుకోవడానికి కావలసిన శక్తికి సమానం అనుకోవాలి. రెండు వైపులా వస్తువు ద్రవ్యరాశి ఉంటుంది కాబట్టి అది కొట్టేసుకుపోతుంది. మిగిలేది 2 జీఎం బై ఆర్‌కి వర్గమూలం. విసిరింది గులకరాయైనా రాకెట్టైనా జవాబు ఒకటే. ఆ ద్రవ్యరాశి కొట్టేసుకుపోయే క్షణం నాకు ఇప్పటికీ చాలా ఇష్టం.

భూమి మీద ఇది సెకనుకు 11.2 కిలోమీటర్లు. ఈ సంఖ్య ఒక్కటి గుర్తుండి ఉంటే నా 31.6ని చూడగానే అనుమానించాల్సింది. అంత వేగంతో పోయే ఉపగ్రహం కక్ష్యలో ఉండదు, భూమిని వదిలేసి వెళ్లిపోతుంది. కాలిక్యులేటర్ ఇచ్చిన అంకెను నమ్మాను తప్ప అది ఏమంటోందో వినలేదు.

ఇప్పుడు భూమి ద్రవ్యరాశి మార్చకుండా వ్యాసార్థాన్ని నాలుగో వంతు చేయండి. ఆర్ వర్గమూలం కింద, అదీ హారంలో ఉంది కాబట్టి, వేగం రెట్టింపై 22.4 అవుతుంది. నూరో వంతు చేస్తే, అంటే 64 కిలోమీటర్లకు కాస్త తక్కువకి తెస్తే, పది రెట్లై 112 అవుతుంది. కాంతి వేగం సెకనుకు 2,99,792 కిలోమీటర్లు. అక్కడికి చేరాలంటే 11.2ని ఎన్ని రెట్లు చేయాలి? సుమారు 26,800 రెట్లు. అంటే వ్యాసార్థం దాని వర్గమంత, దాదాపు 72 కోట్ల రెట్లు తగ్గాలి. 6,371 కిలోమీటర్లంటే 637 కోట్ల మిల్లీమీటర్లు. 637ని 72తో భాగించండి. తొమ్మిది మిల్లీమీటర్లకు కాస్త తక్కువ.

సముద్రాలూ పర్వతాలూ లోపలి ఇనుప గోళంతో సహా భూమంతా ఒక గోలీకాయంత. బ్లాక్ హోల్ కథల్లో ఈ పోలిక నేను పదిసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ ఆశ్చర్యపోయాను. కాగితం మీద నా చేత్తో 72 కోట్లతో భాగించి ఆ తొమ్మిది మిల్లీమీటర్లు కళ్లముందుకి వచ్చిన రోజు కలిగింది మాత్రం వేరు. అది ఇక ఎవరో చెప్పిన సంగతి కాదు, నాకు తెలిసిన సంగతి.

ఇదే ఆలోచన 1783లో జాన్ మిచెల్ అనే ఇంగ్లండ్ మతాచార్యుడికి వచ్చింది. సూర్యుడంత సాంద్రత ఉండి, సూర్యుడికి 500 రెట్లు వ్యాసార్థమున్న నక్షత్రం ఉంటే దాని వెలుగు బయటికి రాలేదని ఆయన లెక్కగట్టాడు. సరిచూడటం తేలిక. సాంద్రత మారకపోతే పలాయన వేగం వ్యాసార్థంతో పాటే పెరుగుతుంది. సూర్యుడి ఉపరితలం మీద అది సెకనుకు 618 కిలోమీటర్లు. 618ని 500తో గుణిస్తే 3,09,000. కాంతి వేగాన్ని కొద్దిగా దాటింది. సాధారణ సాపేక్ష సిద్ధాంతం రావడానికి 130 ఏళ్లకు పైగా ముందే, మనం పరీక్షకు చదివే గతిజశక్తి, గురుత్వాకర్షణ పాఠాలతోనే ఒక మనిషి అంతవరకు వెళ్లగలిగాడు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. పై లెక్క జవాబు సరైందే కానీ, అది చూపించే బొమ్మ పూర్తిగా సరైంది కాదు. పలాయన వేగం అనేది ఒకసారి విసిరి వదిలేసిన వస్తువుకి సంబంధించింది. ఇంధనం ఎంతైనా ఉందనుకుంటే, రాకెట్ గంటకు వంద కిలోమీటర్ల వేగంతో నింపాదిగా ఎక్కుతూ కూడా భూమిని వదిలి వెళ్లగలదు. మిచెల్ ఊహించిన చీకటి నక్షత్రం నుంచైనా అలా వెళ్లొచ్చు. అసలైన బ్లాక్ హోల్ నుంచి కుదరదు. 1915 నవంబరులో ఐన్‌స్టైన్ సాధారణ సాపేక్ష సిద్ధాంతాన్ని ప్రకటించాక, జర్మన్ సైన్యంలో పనిచేస్తున్న కార్ల్ ష్వార్జ్‌షిల్డ్ కొద్ది వారాల్లోనే ఆ సమీకరణాలకు మొదటి కచ్చితమైన పరిష్కారం కనుక్కున్నాడు. అందులోనూ మన లెక్కలో వచ్చిన వ్యాసార్థమే, 2 జీఎం బై సీ స్క్వేర్ (సీ అంటే కాంతి వేగం), వచ్చింది. అర్థం మాత్రం మారిపోయింది. ఆ హద్దు దాటాక లోపలికి వెళ్లడమన్నది రేపటిలోకి వెళ్లడం లాంటిది. ఎంత ఇంధనం తగలేసినా నిన్నటికి ఎలా పోలేమో, అక్కడి నుంచి బయటికీ అలాగే పోలేం. ‘కాంతి కూడా తప్పించుకోలేనంత బలంగా లాగుతుంది’ అనే వాక్యం చదివినప్పుడల్లా నాకు కొంత వెలితి అనిపించేది అందుకే. లాగడం కన్నా లోతైనది అక్కడ జరుగుతోంది. బయటివైపు అనే దారే లేదు.

ఇంతకీ నిజంగా ఎవరు నొక్కుతారు? భూమి ఎప్పటికీ గోలీకాయ కాదు, దాని రాయీ ఇనుమూ ఆ బరువును మోయగలవు. నక్షత్రాల సంగతి వేరు. 1930లో చదువు కోసం ఓడలో ఇంగ్లండ్‌కు వెళ్తూ, పందొమ్మిదేళ్ల సుబ్రహ్మణ్యం చంద్రశేఖర్ ఆ ప్రయాణంలోనే లెక్క మొదలుపెట్టారు. ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రం తన బరువును తాను మోయగలిగే హద్దు సూర్యుడికి దాదాపు 1.4 రెట్లు అని తర్వాత తేలింది. ఆ హద్దు దాటిన కొన్ని న్యూట్రాన్ నక్షత్రాలుగా ఆగుతాయి. ఇంకా బరువైనవి ఎక్కడా ఆగవు.

ఆర్ అనే ఒక్క అక్షరం

నా తప్పును గమనించాక ఇంకో విషయం తెలిసింది. బ్లాక్ హోల్స్ గురించి జనంలో ఉన్న అపోహలు చాలావరకు ఆర్ దగ్గరే పుడతాయి.

బ్లాక్ హోల్ చుట్టుపక్కల ఉన్నదాన్నంతా వాక్యూమ్ క్లీనర్‌లా పీల్చేస్తుందని చాలామంది అనుకుంటారు. సూర్యుడు ఈ క్షణాన అదే ద్రవ్యరాశితో బ్లాక్ హోల్ అయిపోయాడనుకోండి. మూడు కిలోమీటర్ల వ్యాసార్థానికి చేరతాడు. భూమికి ఏమవుతుంది? చీకటి, చలి. కక్ష్య మాత్రం వెంట్రుకవాసి కూడా మారదు. ఎందుకంటే గురుత్వాకర్షణ ఎంతో చెప్పే జీఎం బై ఆర్ స్క్వేర్‌లో ఎం మారలేదు, ఆర్ కూడా మారలేదు. ఆర్ అంటే సూర్యుడి కేంద్రం నుంచి మనకున్న 15 కోట్ల కిలోమీటర్లు తప్ప సూర్యుడి సైజు కాదు. మారిందల్లా ఒక్కటే. ఇదివరకు సూర్యుడికి ఏడు లక్షల కిలోమీటర్ల కన్నా దగ్గరికి వెళ్తే ఉపరితలం అడ్డొచ్చేది. ఇప్పుడు అడ్డు లేదు, ఆర్‌ని ఎంతైనా తగ్గించుకుంటూ పోవచ్చు. బ్లాక్ హోల్ భయంకరత్వమంతా ఆ దగ్గరితనంలోనే ఉంది.

ఇంకో అపోహ సాంద్రత గురించి. ఈవెంట్ హొరైజన్ వ్యాసార్థం ద్రవ్యరాశితో సమానంగా పెరుగుతుంది. ఘనపరిమాణమేమో వ్యాసార్థం ఘనంతో పెరుగుతుంది. కాబట్టి బ్లాక్ హోల్ ఎంత పెద్దదైతే సగటు సాంద్రత అంత తక్కువ. ఎం87లోని బ్లాక్ హోల్ 650 కోట్ల సూర్యులంత. దాని వ్యాసార్థం దాదాపు 1,900 కోట్ల కిలోమీటర్లు, అంటే నెప్ట్యూన్ కక్ష్యకు నాలుగు రెట్లు. ద్రవ్యరాశిని ఆ గోళం ఘనపరిమాణంతో భాగిస్తే ఘనపు మీటరుకు అర కిలో కూడా రాదు. మనం పీల్చే గాలి ఘనపు మీటరుకు సుమారు 1.2 కిలోలుంటుంది. (లోపల స్థలకాలాలు వంగిపోయి ఉంటాయి కాబట్టి ఈ సగటును మరీ పట్టుకుని వేలాడకూడదు. అయినా ‘విపరీతంగా గట్టిపడిన పదార్థం’ అనే బొమ్మ అన్నిచోట్లా పనికిరాదని చెప్పడానికి ఇది చాలు.)

లోపలికి పడే మనిషి నూడుల్‌లా సాగిపోతాడనే మాట కూడా ఇంతే. సాగదీసేది తలకీ కాళ్లకీ మధ్య గురుత్వంలో ఉన్న తేడా. అది ఎం బై ఆర్ క్యూబ్‌ని బట్టి ఉంటుంది. పది సూర్యులంత బ్లాక్ హోల్ హొరైజన్ దగ్గర, 30 కిలోమీటర్ల దూరంలో, ఆ తేడా భూమి మీది గురుత్వానికి కోటి రెట్లకు పైగానే. మన గెలాక్సీ మధ్యలో ఉన్న పెద్దదాని హొరైజన్ దగ్గరైతే భూమి గురుత్వంలో పదివేల వంతు. ఆ హద్దు దాటిన సంగతి శరీరానికి తెలియను కూడా తెలియదు.

నోబెల్ బహుమతి వచ్చిన లెక్క

అన్నిటికన్నా నన్ను పట్టేసింది ఆ పెద్దదాని కథే. మన గెలాక్సీ కేంద్రం ధనుస్సు రాశి దిశలో, దాదాపు 27 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. మధ్యలో దుమ్ము అడ్డుపడి మామూలు వెలుగు రాదు. అందుకే పరారుణ కిరణాల్లో చూడాలి. 1990ల నుంచి రైన్‌హార్డ్ గెంజెల్ బృందం చిలీలోని టెలిస్కోపులతో, ఆండ్రియా గెజ్ బృందం హవాయిలోని కెక్ టెలిస్కోపుతో, అక్కడి నక్షత్రాలు ఏడాదికేడాది ఎటు కదులుతున్నాయో ఓపికగా గుర్తుపెడుతూ వచ్చారు. వాటిలో ఎస్2 అనే నక్షత్రం ఏమీ కనబడని ఒక బిందువు చుట్టూ దీర్ఘవృత్తంలో తిరుగుతోంది. ఒక చుట్టుకి 16 ఏళ్లు.

ఇప్పుడు కాగితం తీసుకోండి. కెప్లర్ మూడో నియమం అందరూ చదివిందే. ఆవర్తన కాలం వర్గం, కక్ష్య అర్ధ దీర్ఘాక్షం (దీర్ఘవృత్తం పొడవులో సగం) ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. దూరాన్ని భూమి-సూర్యుల దూరంతో, కాలాన్ని ఏళ్లతో కొలిస్తే జీ విలువ, పదుల ఘాతాలు ఏవీ అక్కర్లేదు. దూరం ఘనాన్ని కాలం వర్గంతో భాగిస్తే మధ్యలో ఉన్నది ఎన్ని సూర్యులంతో నేరుగా వచ్చేస్తుంది. ఎస్2 అర్ధ దీర్ఘాక్షం భూమి-సూర్యుల దూరానికి వెయ్యి రెట్లకు కాస్త ఎక్కువ. వెయ్యే అనుకుందాం. ఘనం చేస్తే 100 కోట్లు. 16 వర్గం 256. భాగిస్తే 39 లక్షలు.

అసలు విలువ 43 లక్షలకు దగ్గర. మనం వెయ్యి అని తగ్గించి పట్టుకోవడం వల్లే ఆ తేడాలో ఎక్కువ భాగం వచ్చింది. దీర్ఘవృత్తంలో ఒక చివర ఎస్2 ఆ బిందువుకు భూమి-సూర్యుల దూరానికి 120 రెట్లంత దగ్గరికి వస్తుంది. 2018లో అలా వచ్చినప్పుడు సెకనుకు 7,700 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయింది. దగ్గరైనప్పుడు వేగం ఎందుకు పెరుగుతుందో చెప్పేది కెప్లర్ రెండో నియమం. అంటే 40 లక్షలకు పైగా సూర్యులంత బరువు, ఏ వెలుగూ లేకుండా, ఆ కొద్దిచోటులోనే సర్దుకుని ఉండాలి. నక్షత్రాల గుంపైతే కనబడేది. ఇంకేముంటుంది అక్కడ? ఆ పనికి 2020లో గెంజెల్‌కీ గెజ్‌కీ నోబెల్ బహుమతిలో సగం వచ్చింది. బ్లాక్ హోల్ ఏర్పడటం సాపేక్ష సిద్ధాంతం నుంచి తప్పనిసరిగా వచ్చే ఫలితమని 1965లో గణితంతో చూపిన రోజర్ పెన్‌రోజ్‌కి మిగతా సగం. 2022 మే 12న ఆ బ్లాక్ హోల్ చిత్రం కూడా వచ్చింది.

వాళ్ల అసలు పని ఈ రెండు వరుసల కన్నా ఎంతో కష్టమైంది. అయినా దాని వెన్నెముక, పరీక్షలో రెండు మార్కులకు అడిగే నియమమే. ఆ నియమాన్ని నేను గ్రహాల పట్టికతో కలిపి బట్టీపట్టాను. బ్లాక్ హోల్ గురించి మురిసిపోతూ పక్క పుస్తకం చదివాను. ఆ రెండు పుస్తకాల్లో ఉన్నది ఒకటేనని నాకు తట్టలేదు.

ఇష్టానికీ మార్కులకీ మధ్య ఉన్న ఖాళీ నా దృష్టిలో ఇదే. ఎవరైనా బాగా చెబుతుంటే వింటున్నప్పుడు, ఏది పట్టించుకోవాలి, ఏది వదిలేయాలి, ఏ సూత్రం ఎక్కడ వాడాలి అనే నిర్ణయాలన్నీ చెప్పేవాళ్లే తీసుకుంటారు. మనం ఆ దారిలో నడుస్తాం, అర్థమైందనిపిస్తుంది. ఆ అనుభూతి అబద్ధం కాదు. పరీక్ష అడిగేది మాత్రం వేరు. ఆ నిర్ణయాలు మనం తీసుకోగలమా అని అడుగుతుంది. ఆర్ అంటే ఇక్కడ ఏ దూరం? అన్నది అలాంటి నిర్ణయమే. 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు ఒక పాఠమిచ్చి, కొందరిని మళ్లీ చదవమన్నారు, కొందరిని పుస్తకం మూసి గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత చూస్తే పుస్తకం మూసి రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. పరీక్ష ముందు రాత్రి అంతా వచ్చేసినట్టు అనిపించి, హాల్లో చెయ్యి కదలకపోవడానికి ఇదొక కారణం.

అందుకే రెండోసారి చదివేటప్పుడు పద్ధతి మార్చాను. చాప్టర్ అయిపోగానే పుస్తకం మూసి, బ్లాక్ హోల్ గురించి ఒక ప్రశ్న నాకు నేనే వేసుకుని తెల్లకాగితం మీద చేసేవాడిని. కోణీయ ద్రవ్యవేగం పాఠం అయితే, లోపలికి పడే వాయువు నేరుగా పడకుండా చుట్టూ పళ్లెంలా ఎందుకు తిరుగుతుంది? తరంగాల పాఠం అయితే, 2015 సెప్టెంబరు 14న లైగో అనే డిటెక్టర్లు పట్టుకున్న గురుత్వ తరంగం (స్థలకాలంలో పుట్టే అల) పౌనఃపున్యం చివర్లో ఎందుకు పెరుగుతూ పోయింది? రెండు బ్లాక్ హోల్స్ దగ్గరయ్యే కొద్దీ ఆర్ తగ్గి చుట్టుకు పట్టే సమయం తగ్గుతుంది, మళ్లీ కెప్లరే. ఉష్ణం పాఠం అయితే, హాకింగ్ 1974లో చెప్పిన లెక్క ప్రకారం సూర్యుడంత బ్లాక్ హోల్ ఉష్ణోగ్రత ఒక కెల్విన్‌లో కోటో వంతు కూడా లేదు, చుట్టూ ఉన్న విశ్వమేమో 2.7 కెల్విన్. మరి వేడి ఎటు నుంచి ఎటు పోతుంది? కొన్నిటికి జవాబు వచ్చేది, కొన్నిటికి సగంలో ఆగిపోయేవాడిని. ఆగిన చోటే నాకు రానిది ఏమిటో తెలిసేది. దానికోసం మళ్లీ పాఠం తెరిస్తే, అదే పేజీ ఈసారి వేరేగా కనిపించేది.

ఒక్క అలవాటు గురించి మాత్రం గట్టిగా చెబుతాను. సూత్రం రాయడానికి ముందు బొమ్మ గీయండి. గోళం, కేంద్రం, అక్కడి నుంచి వస్తువు దాకా ఒక గీత. ఆ గీత పక్కన ఆర్ అని రాయండి. జవాబు వచ్చాక దాన్ని తెలిసిన ఇంకో సంఖ్య పక్కన పెట్టి చూడండి. ఈ రెండిటికీ కలిపి నిమిషం కూడా పట్టదు. నా పాత పేపర్లో పోయిన మార్కుల్లో చాలావరకు ఆ నిమిషం లేకనే పోయాయి.

ఆ ఉపగ్రహం లెక్క తర్వాత మళ్లీ చేశాను. బొమ్మ గీసి, గీత పక్కన 6,371కి 400 కలిపి 6,771 అని రాశాను. కిలోమీటర్లను మీటర్లలోకి మార్చాను. వేగం సెకనుకు 7.67 కిలోమీటర్లు వచ్చింది, 11.2 కన్నా తక్కువే. అక్కడితో ఆపకుండా కక్ష్య చుట్టుకొలతను ఆ వేగంతో భాగించాను. 5,550 సెకన్లకు కాస్త తక్కువ, అంటే 92 నిమిషాలకు కొంచెం పైన. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగేది దాదాపు అదే ఎత్తులో. భూమిని ఒకసారి చుట్టి రావడానికి దానికి పట్టే సమయం ఎంతో వెతికి చూశాను. సుమారు 92 నిమిషాలు.